జోగారావు పీల్చిన గాలి

“లేపితే లేస్తలేదు అత్తమ్మా! మొహం చూడు, ఇంత ఎర్రగ ఉన్నదేంది? మళ్ళ కండ్లు తెరుస్తదా ఇది?”

గుమ్మంలో నిలబడ్డ మనిషి చేతుల్లోంచి మూడేళ్ళ కూతురిని అందుకుంటూ ప్రభావతి అన్న మాటలివి. కమల తల తల్లి భుజం మీద వాలిపోయింది. బుగ్గలు పండుమిరపకాయల్లా ఉన్నాయి. ఒళ్ళు మాత్రం కాలడం లేదు. జ్వరం లేని ఆ ఎరుపే ప్రభావతిని ఎక్కువ భయపెట్టింది.

పిల్లను ఎత్తుకొచ్చిన మనిషి జోగారావు. చిక్కడపల్లి కూరగాయల బజారు వెనక సందులో, వాళ్ళింటి వెనక వాటాలో పదేళ్ళుగా కిరాయికి ఉంటున్నాడు. ఎడమ తుంటి పాడైన మనిషి. కుంటుకుంటూనే నారాయణగూడలో పిల్ల తండ్రి షెడ్డు నుంచి సందుల వెంబడి పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. అది 1969 మార్చి. ప్రత్యేక తెలంగాణ కోసం ఆ రోజు బంద్. పొద్దున్నుంచి రాళ్ళు, లాఠీలు, బాష్పవాయువు. పెద్ద రోడ్డు మీద మనిషి కనిపిస్తే ఎవరో ఒకరు తరుముతున్నారు.

“ఏటీ కాలేదమ్మా. పొగగుళ్ళు పేల్చినారు కదా, ఆ ఘాటుకి నిద్దరోయింది. సల్లగాలి తగిల్తే లేస్తాది,” అన్నాడు జోగారావు.

“నువ్వు ఊకో జోగన్నా,” అంది ప్రభావతి అత్తగారు బాలనాగమ్మ. “ఆంధ్రోల్లు పోవాలె అని వాళ్ళు ఆడ ఒర్రుతుంటె, నువ్వు మా పోరిని ఎత్తుకొని సందులల్ల తిరుగుతున్నవ్. ఎవడన్న చూసిండంటె నీ బొక్కలు మిగులుతుండెనా?”

“సూసినారప్పా. ఇద్దరాపినారు. నా మనవరాలికి ఒంట్లో బాగోలేదన్నాను. దాని ఎరుపూ నా నలుపూ సూసి నమ్మలేదు గానీ ఒగ్గీసినారు.”

బాలనాగమ్మ నవ్వింది. ప్రభావతి నవ్వలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లతో అశోక్‌నగర్ డాక్టరు ఇంటికి పరిగెత్తింది. ఆయన కళ్ళు విప్పి చూశాడు, నాడి చూశాడు, బాష్పవాయువు ఘాటూ ఎండా కలిసి తగిలాయన్నాడు. దారిలో పిల్ల రెండుసార్లు వాంతి చేసుకుంది. తెల్లారేసరికి లేచి కూర్చుని అటుకులు కావాలంది. ఇంట్లో అందరూ ఆ సంగతి మరిచిపోయారు, ఒక్క ప్రభావతి తప్ప.

ప్రభావతి కెమిస్ట్రీలో బి.ఎస్సీ. చేసి, నారాయణగూడలో ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా పనిచేస్తోంది. చదువు భయాన్ని తగ్గిస్తుందంటారు. ఆమెకు మాత్రం చదువు భయాలకు పేర్లు పెట్టడం నేర్పింది, అంతే. పాలు రెండుసార్లు కాస్తుంది. పిల్ల ఆడుకునే తగరపు బొమ్మ రంగులో సీసం ఉందని పారేసింది. “మా కోడలు నీళ్ళే కాదు, గాలిని గూడ వడగట్టి తాపుతది,” అని బాలనాగమ్మ వాడకట్టంతా చెప్పుకుని నవ్వేది. ఆ నవ్వులు వినీ వినీ, చేతిలో రుజువు లేకుండా నోరు విప్పకూడదని ప్రభావతి నిశ్చయించుకుంది.

జోగారావుది భీమిలి దగ్గర సముద్రపు ఒడ్డున ఒక పల్లె. పద్నాలుగో ఏట విశాఖపట్నం ఓడరేవులో, నీటి అడుగున పనిచేసేవాళ్ళ పడవ మీద గాలిపంపు తిప్పడానికి చేరాడు. పైన ఇద్దరు చక్రం తిప్పుతుంటే గొట్టం వెంట గాలి కిందికి పోయేది. ఇత్తడి టోపీ బిగించుకున్న మనిషి ఆ గాలి పీలుస్తూ అడుగున నడిచేవాడు. ఇరవై ఏళ్ళు నిండేసరికి ఆ టోపీ జోగారావు తలకే ఎక్కింది.

అప్పుడే యుద్ధం వచ్చింది. ఎక్కడో చలి సముద్రాల్లో చేపలు పట్టడానికి కట్టిన ట్రాలరు ఒకదాన్ని తెచ్చి, ముందువైపు ఒక తుపాకీ బిగించి, నీళ్ళలో శత్రువులు వదిలిన మందుగుండ్లను ఏరడానికి ఆ తీరంలో తిప్పేవారు. వల లాగే మరతోనే మందుగుండ్లను లాగేవారు.

“సేపల పడవకి తుపాకీ ఏటని మా వోళ్ళందరం నవ్వుకునీవోళ్ళం. సేపల్ని కాల్చి పట్టీస్తారేటో దొరలు అని,” అనేవాడు జోగారావు.

1943లో ఒక మధ్యాహ్నం భీమిలికి ఎదురుగా పెద్ద చప్పుడు వినిపించింది. పొగ తేలిపోయేసరికి అక్కడ ట్రాలరు లేదు. నాలుగో రోజున జోగారావును దింపారు. పదిహేను బారల లోతు, అంటే తొంభై అడుగులు. పదకొండు మందిని ఒక్కొక్కరినే తాడుకు కట్టి పైకి పంపాడు. ఆ సంగతి ఎవరైనా అడిగితే ఒక్క మాటే అనేవాడు: “బరువుండరు. నీళ్ళలో ఎవులూ బరువుండరు.”

ఆ తర్వాత పదేళ్ళకు, మరో పనిలో, పైనున్నవాళ్ళు కంగారుపడి అతన్ని మరీ వేగంగా లాగేశారు. రక్తంలో కరిగిన గాలి బుడగలై తుంటి ఎముకను తినేసింది. కుంటివాడికి ఓడరేవులో పని లేదు. భార్య అప్పటికే పోయింది. 1958లో ఒక కాంట్రాక్టరు జలాశయం తూము తలుపు చూడడానికి అతన్ని హైదరాబాదు తెచ్చాడు. పని అయ్యాక కాంట్రాక్టరు వెళ్ళిపోయాడు, జోగారావు ఉండిపోయాడు. ప్రభావతి భర్త రాఘవేందర్‌కు నారాయణగూడలో టైర్లకు గాలి నింపే కంప్రెసర్లు బాగుచేసే షెడ్డు ఉంది. అందులో చేరాడు.

కిందటేడు వానాకాలంలో పల్లె నుంచి ఉత్తరం వచ్చింది. జోగారావు చిన్నాన్న కొడుకు ఈదయ్య రాయించాడు. ఇప్పుడందరూ నైలాను వలలు వాడుతున్నారు, అవి మునిగిన ట్రాలరుకు తగులుకుంటే తెగవు, పడవనే లాగేస్తాయి, అలా ఒక పడవ బోల్తాపడి ఇద్దరు అన్నదమ్ములు పోయారు, ట్రాలరు ఎక్కడుందో కచ్చితంగా తెలిసినవాడివి నువ్వొక్కడివే, వచ్చి గుర్తు పెట్టిపో అని ఆ ఉత్తరం. ట్రాలరుకు గొలుసు కట్టి, దాని పై కొసకు ఎర్ర పీపా ఒకటి తగిలిస్తే చాలు, పడవలు తప్పుకుపోతాయి.

రాఘవేందర్‌కు ఆ మాట చెవిన పడడమే ఆలస్యం. వేలంలో గట్టి కంప్రెసరు ఒకటి, విడి సిలిండరుతో సహా రెండు ఆక్వాలంగ్ సెట్లు కొన్నాడు. వాటికి ఇత్తడి టోపీ అక్కర్లేదు, గొట్టం అక్కర్లేదు. గాలి కూరి నింపిన సిలిండరును వీపున కట్టుకుని, దాని మూతిని పళ్ళతో కరుచుకుని చేపలా తిరగవచ్చు. ఇంగ్లీషు పత్రికల్లో స్కూబా అని రాస్తున్నది ఇదే. దోమలగూడలో ఒక తోట బావిలో జోగారావు అతనికి మునగడం నేర్పాడు. కుంటి జోగారావు నీళ్ళలో కుంటడని రాఘవేందర్ ఇంటికొచ్చి ఆశ్చర్యంగా చెప్పాడు. ఈత వచ్చినవాడివి గదా అని భార్య అడ్డుచెప్పలేదు. పైగా తన వంతుగా ఒక సాయం చేసింది. కంప్రెసర్ నుంచి వచ్చే గాలికి నూనె వాసన ఉంటోందని జోగారావు అంటే, కాలేజీకి రసాయనాలు అమ్మే దుకాణంలో వాసనలు పీల్చే బొగ్గు కొని, దాన్ని వడపోత డబ్బాలో ఎలా కూరాలో బొమ్మగీసి మరీ ఇచ్చింది.

బంద్ నాడు షెడ్డులో జరిగింది ఆ గాలి నింపే పనే. మర్నాడు సాయంత్రం వాల్తేరు రైలుకు ప్రయాణం. సామాను గోనెసంచుల్లో కుట్టి గుమ్మంలో పెట్టారు. రాఘవేందర్ నుదుటికి గుడ్డ కట్టుకుని ఉన్నాడు.

“తల పగులుతున్నది. నిన్నటి పొగ ఇంక దిగలే,” అన్నాడు.

ప్రభావతికి ఏదో ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఏమిటో తెలియలేదు. జోగారావును పక్కకు పిలిచి, “గాలి మంచిగనే ఉన్నదా కాకా?” అని అడిగింది.

జోగారావు గోనె కొంచెం విప్పి, సిలిండరు మూతి తిప్పి, ఆమె మొహం ముందు గాలి వదిలాడు. “సూడు. వాసనుందేటి?”

ఏ వాసనా లేదు. నూనె కంపు లేదు, ఇనుప కంపు లేదు.

“కొబ్బరినీళ్ళలాగ తేటగుంది. అంతా నీ బొగ్గు పుణ్యమే తల్లీ,” అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు.

గురువారం సాయంత్రం షెడ్డులో పనిచేసే ఫిట్టరు ప్రహ్లాద్ తాళంచెవులు ఇవ్వడానికి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. అరుగు మీద కూలబడి మంచినీళ్ళడిగాడు.

“రొండు దినాలాయె వదినమ్మా, తలల డప్పు కొడుతున్నట్టే ఉన్నది. ఆ పెట్రోలు ఇంజను పాడుగాను!”

“పెట్రోలు ఇంజనేంది? కరెంటు మోటరు గద.”

“కరెంటెక్కడిది? బంద్ నాడు పొద్దుగాల్నే పోయె. రాళ్ళు పడుతున్నయని శెటర్ గుంజి, లోపలనే జీపు ఇంజను పెట్టి బెల్టు తగిలిచ్చినం. పొగ గొట్టం ఎనక కిటికీల పెట్టినం. మూడు గంటలు. చిన్నపాప టైర్ల మీదనే పండుకున్నది.”

“కంప్రెసర్ గాలి యాడికెళ్ళి గుంజింది?”

“గదే కిటికీకెళ్ళి. ఇంక ఏడున్నది కిటికీ?”

ప్రభావతి చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. పొగ పోయే కిటికీ, గాలి వచ్చే కిటికీ ఒకటే. పెట్రోలు పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తాన్ని పట్టుకుంటే వదలదు, మనిషిని ఎర్రగా చేసి నిద్రపుచ్చుతుంది. బాష్పవాయువు కళ్ళు మండిస్తుంది గాని బుగ్గలకు రంగు వేయదు. పొగలో ముక్కుకు తెలిసే కంపునంతా బొగ్గు పీల్చుకుంది. మోనాక్సైడును మాత్రం బొగ్గు పట్టలేదు. ఆ సంగతి ఆమె పాఠ్యపుస్తకంలో ఎడమవైపు పేజీలో, కింద, చిన్న అక్షరాల్లో ఉంది. ప్రమాదాన్ని చెప్పగలిగిన ఒక్క వాసననూ తుడిచేసింది తన బొగ్గే.

పదిహేను బారల లోతున నీటి బరువుకు ఏ వాయువైనా దాదాపు నాలుగింతలై పనిచేస్తుంది.

అప్పుడే, ఆ సాయంత్రమే పోస్టాఫీసుకు పోయి తంతి ఇవ్వవచ్చు. ప్రభావతి చెప్పుల్లో కాళ్ళు పెట్టింది కూడా. “యాడికి? మళ్ళ ఏం భయం పట్టింది?” అని లోపల్నుంచి బాలనాగమ్మ అడిగింది. ఆ మాటకు ఆమె కాళ్ళు ఆగాయి. నిజం కాకపోతే? ఏడాది నుంచి ఎదురుచూస్తున్న పనిని ఒక పిరికి తంతితో ఆపిందని రాఘవేందర్ జన్మంతా అంటాడు. సముద్రంలోకి దిగడం శనివారం పొద్దున. ఇంకా వ్యవధి ఉంది. మూతి కారుతోందని షెడ్డులో వదిలేసిన మూడో సిలిండరు ఉంది. అందులోనూ ఆ రోజు గాలే. రేపు పొద్దున పరీక్ష చేసి, తేల్చుకుని, అప్పుడు పంపుతాను అనుకుంది.

శుక్రవారం పొద్దున ప్రహ్లాద్‌తో సిలిండరును రిక్షాలో వేయించి కాలేజీకి వెళ్ళింది. హైదర్‌గూడ వైపు మళ్ళీ గొడవలని రిక్షా చుట్టూ తిరిగి పోయింది. గొడవలకు మూసేసిన కాలేజీ గేటు తీయించడానికి కాపలావాడు పెద్దల అనుమతి కావాలన్నాడు. లాబులో అడుగుపెట్టేసరికి పదకొండు దాటింది.

సూదితో తన వేలు పొడుచుకుని రెండు పరీక్ష నాళికల్లో నీళ్ళలో రక్తం కలిపింది. ఒకదాంట్లోకి గదిలో గాలి, రెండోదాంట్లోకి సిలిండరు గాలి, అరగంట సేపు బుడగలు బుడగలుగా పంపింది. తర్వాత రెండింట్లోనూ కాస్టిక్ సోడా చుక్కలు వేసింది. మొదటిది బురదలా గోధుమరంగుకు తిరిగింది. రెండోది తిరగలేదు. ఎర్రగానే ఉండిపోయింది, కమల బుగ్గల్లాగే.

అప్పుడైనా పరిగెత్తవలసింది. కాని ఒక్కసారి చేసింది ప్రయోగం కాదని ఆమె పిల్లలకు రోజూ చెప్పే మాట. ఇంకో వేలు పొడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చేసింది. మళ్ళీ ఎరుపే. గోడ గడియారం చూస్తే రెండున్నర.

ఇంటికొచ్చి పిల్లను పక్కింటి వాళ్ళకు అప్పగించి, అత్తగారిని వెంటబెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళింది. ఆ పల్లెలో ఫోను లేదు. తంతి భీమిలి దాకా పోతుంది, అక్కడి నుంచి మనిషి నడిచి తీసుకుపోవాలి. కిటికీ అవతలి గుమాస్తా కాగితం రెండుసార్లు చదివాడు.

“‘మునగవద్దు. సిలిండర్లలో గాలి విషం.’ ఇదేం తంతమ్మా? దినాలు మంచిగ లేవు. మునగవద్దంటే ఏందని రేపు పోలీసులడిగితె నేనేం చెప్పాలె?”

“మునగవద్దంటే మునగవద్దనే అన్నా. సముద్రంల.”

“నా మాటిని ‘తల్లి సీరియస్, వెంటనే బయల్దేరు’ అని రాయుండ్రి. గదైతె ఎవ్వరడగరు. ఏ టయిముకైన తీస్కపోయి చేతిల పెడతరు.”

“రాయి బిడ్డా,” అంది బాలనాగమ్మ వెంటనే. “నేను సచ్చిన అనే రాయి. నాకేం పోయె?”

“అది రాస్తె ఈయన ఒక్కడు రైలెక్కుతడు అత్తమ్మా. మన జోగారావు కాక ఆగడు, మునుగుతడు.”

“అయితె జోగన్న తల్లి గూడ సీరియస్ అని రాయి.”

“ఆమె పోయి ఇరవై ఏండ్లాయె!”

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రభావతి కిటికీ చువ్వలు పట్టుకుంది. “అన్నా, నాకు మూడేండ్ల పిల్ల ఉన్నది. దాని తండ్రి రేపు పొద్దుగాల ఆ గాలి పీలుస్తడు. పోలీసులొస్తె నా పేరు చెప్పు, ఇల్లు చూపెట్టు.”

గుమాస్తా ఆమె మొహం చూశాడు. పెద్దాయన దగ్గరికి లోపలికి వెళ్ళి వచ్చి, మాటలు మార్చి రాయించాడు: సముద్రంలో దిగవద్దు, సిలిండర్లు చెడిపోయాయి, ఇద్దరికీ, ప్రభావతి. అప్పటికి అయిదు కావస్తోంది. “భీమిలిల ఇయ్యాల ఇస్తరో, రేప్పొద్దున ఇస్తరో. మా చేతిల లేదు,” అన్నాడు.

అక్కడ ఏం జరిగిందో రాఘవేందర్ కొంత, ఈదయ్య కొంత, జోగారావు కొంత చెప్పగా ఆమె తర్వాత కూర్చుకుంది.

శనివారం తెల్లారకముందే పడవ బయల్దేరింది. సముద్రం నూనె పోసినట్టు నిలకడగా ఉంది. ఒడ్డున రెండు తాటిచెట్లనూ కొండ మీద గుడినీ గురి చూసుకుంటూ జోగారావు లంగరు వేయించాడు. ఇరవై ఆరేళ్ళయినా తప్పలేదు. లంగరు ఇనుముకు తగిలిన అదురు తాడు వెంట చేతికి తెలిసింది.

అతను నడుముకు తాడు కట్టుకుంటుంటే రాఘవేందర్ నవ్వాడు. “గొట్టం లేని సెట్టుకు తాడెందుకు కాకా? పాత అలవాటు ఇడవవు.”

“గొట్టం గాలికి బాబూ. తాడు మనిషికి,” అని కొసను ఈదయ్య చేతిలో పెట్టి వెనక్కి ఒరిగి నీళ్ళలో పడ్డాడు.

మొదట పచ్చటి వెలుగు, ఆ కింద బూడిదరంగు, ఆ కింద ట్రాలరు. కుడిపక్కకు ఒరిగి పడుకుని ఉంది. తుపాకీ మూతి ఇసుకలో దిగబడింది. ఓడ నిలువుకొయ్య పక్కకు చాచిన చెయ్యిలా ఉంది, దానికి వలల మీద వలలు వేలాడుతున్నాయి. నీలిరంగు నైలాను వలలు, కుళ్ళవు, చిరగవు. నీటి వాలుకు అవి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటే ఆ ఓడ ఊపిరి తీస్తున్నట్టుంది. యజమాని లేని ఆ వలలు ఇంకా చేపలు పడుతూనే ఉన్నాయి. కొన్ని కొట్టుకుంటున్నాయి, కొన్ని ముళ్ళుగా మిగిలాయి. వాటిని తాకకుండా జోగారావు పక్కగా దిగి, వల లాగే మర చుట్టూ గొలుసు తిప్పి బిగించడం మొదలుపెట్టాడు.

కాసేపటికి వెనకనుంచి ఎవరో తలపాగా బిగిస్తున్నట్టు అనిపించింది. వయసు మీద పడిందనుకున్నాడు. గొలుసు మీద చేతులు మొద్దుబారాయి. ఆ తర్వాత బాధ పోయింది. హాయిగా ఉంది. ఆ మర మీద కూర్చుని ఒక్క కునుకు తీస్తే బాగుండుననిపించింది. “పదకొండు మందినీ లేపి పైకంపినాను కదా, నన్నెవులు లేపుతారులే అనుకున్నానమ్మా,” అని తర్వాత ప్రభావతితో అన్నాడు.

చేతులకు తెలిసిన పని కాబట్టి చేతులే ముగించాయి. పైకి బయల్దేరాడు. నీటి అడుగున బరువైన గాలి కొంత ప్రాణం నిలబెడుతుంది, పైకి వచ్చేకొద్దీ ఆ ఆసరా పోతుంది. మూడు బారల దగ్గర కాసేపు ఆగి రావడం అతని నియమం. అక్కడ ఆగాడు. అక్కడే పళ్ళ మధ్య నుంచి మూతి జారిపోయింది.

పైన ఈదయ్య తాడు ఒకసారి లాగాడు. జవాబు లేదు. ఇంకోసారి లాగాడు. లేదు. రాఘవేందర్ రెండో సెట్టు అప్పటికే వీపున కట్టుకున్నాడు. మూతి కరుచుకుని ఒక కాలు పడవ అంచు దాటించాడు. ఈదయ్య ఒక చేత్తో తాడు లాగుతూనే రెండో చేత్తో అతని నడుంపట్టీ పట్టుకున్నాడు.

“దిగకు!”

రాఘవేందర్ మూతి తీసి అరిచాడు. “ఎందుకు? ఆయన చస్తున్నడు, ఇడువు!”

“తెల్దు. దిగకు.”

విడిపించుకోబోతే ఈదయ్య కాలితో తన్ని అతన్ని పడవలో వెల్లకిలా పడేశాడు. మిగిలిన ఇద్దరూ తాడు పట్టారు. జోగారావు పైకి వచ్చాడు. నీటిలో పోయిన మనిషి మొహం నీలంగా ఉండాలి. అతని మొహం ఎర్రగా, పెళ్ళికొడుకు మొహంలా ఉంది.

బోర్లా వేసి నీళ్ళు కక్కించారు. ఊపిరి ఉందో లేదో అన్నట్టుంది. తెడ్లు వేసి ఒడ్డుకు చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఒడ్డున తంతి మనిషి నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం. రాఘవేందర్ అది చదివి, వీపున ఇంకా వేలాడుతున్న సిలిండరును విప్పి ఇసుకలో పడేశాడు. విశాఖపట్నం ఆసుపత్రిలో ఆ తంతి చూపించాకే డాక్టర్లు ఇది ఉత్త నీట మునక కాదని గ్రహించి రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

జోగారావు బతికాడు. చిక్కడపల్లికి నలభై రోజుల తర్వాత తిరిగివచ్చింది మాత్రం కొంత జోగారావే. ఎడమ చెయ్యి వణికేది. అన్నం ముందు కూర్చుని దేనికోసం కూర్చున్నాడో మరిచిపోయేవాడు. కమలను ఎప్పుడో చిన్నప్పుడే పోయిన తన చెల్లెలి పేరుతో పిలిచేవాడు. పిల్ల కూడా ఆ పేరుకే పలకడం నేర్చుకుంది. షెడ్డుకు మళ్ళీ వెళ్ళలేదు. సముద్రం మీద ఎర్ర పీపా తేలుతోందని, ఈ ఏడు ఒక్క పడవా చిక్కలేదని ఈదయ్య ఉత్తరం వస్తే, “ఏ పీపా?” అని అడిగాడు.

ఒక సాయంత్రం, తలుపు ముందు మంచం మీద అతను కొంచెం తేటగా ఉన్న వేళ, ప్రభావతి వెళ్ళి కింద కూర్చుంది. కొన్ని నెలలుగా గొంతులో ఉన్నది బయటపెట్టింది.

“బేస్తారం సాయంత్రమే నాకు సమజైంది కాకా. మరునాడు సాయంత్రం దాక ఆగిన. అప్పుడే తంతి కొట్టి ఉంటె ఒక దినం ముందు అందుతుండె. నువ్వు దిగకపోదువు. రుజువు కావాలనుకున్న. రొండుసార్లు చేసి చూసిన. అదిగాక ఆ బొగ్గు ఇచ్చింది గూడ నేనే.”

జోగారావు మంచం నవారును వేలితో తడుముతూ కూర్చున్నాడు. మళ్ళీ మరిచిపోయాడేమో అనుకుని ఆమె లేవబోయింది.

“బొగ్గు మాట ఒగ్గీ,” అన్నాడు అప్పుడు. “ఇంజను అక్కడ పెట్టింది నాను. పెట్టొద్దని తెలియాల్సింది నాకు. సరే. ఈదిగాడికేటి తెలుసు సెప్పు? సదువుందా? గాలి సంగతి తెలుసా? ముందు నీ మొగుణ్ణి ఆపీసినాడు. ఎందుకంటే తెల్దన్నాడు. నువ్వు సదివినదానివి. కారణం దొరికినాక ఆపుదామనుకున్నావు.”

ప్రభావతి తల వంచుకుంది.

“ఏడవకు. తిట్టట్లేదు. నీళ్ళకాడ అలాగ పనికిరాదు తల్లీ. పైనోడు తాడు ఒకపాలి లాగితే ఆగిపోడమే. ఎందుకని అడుగునించి అడగలేం కదా. పైకొచ్చినాక అడుగుతాం. ఉత్తినే ఆపినాడని తెలిస్తే బూతులు తిడతాం. తిట్టడానికైనా మనిసుండాల కదేటి. నీకు బయ్యం ఎక్కువ, ఉండనీ. బయ్యమేస్తే ముందు ఆగమను. కారణం తరవాత ఎతుక్కో.”

అతను ఆ తర్వాత ఏడాదిన్నర బతికాడు.

కమలకు ఇప్పుడు అయిదేళ్ళు. రిక్షా ఎక్కబోతున్నా, మెట్లు దిగబోతున్నా, పక్కింటి పిల్లలతో నీళ్ళ తొట్టి వైపు పరిగెత్తుతున్నా, లోపల ముల్లు గుచ్చుకుంటే చాలు ప్రభావతి గట్టిగా, సందంతా వినిపించేలా, “ఆగు!” అంటుంది. రాఘవేందర్‌నూ అంటుంది, షెడ్డుకు వెళ్ళి మరీ అంటుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఏ కారణమూ దొరకదు. అందరూ నవ్వుతారు. బాలనాగమ్మ అయితే, “ఏందే, మళ్ళ గాలి వడగడుతున్నవా?” అంటుంది. నవ్వనీ అనుకుంటుంది ప్రభావతి. పిల్ల ఎత్తిన కాలు ఎత్తినట్టే నిలబడి తల్లివైపు చూస్తుంది. అలా ఆగిందని కళ్ళారా చూసుకున్నాకే, ఎందుకు ఆపిందో వెతుక్కోవడం మొదలుపెడుతుంది.